సిగ్నల్ పెంచే డబ్బా, దాని తాళం

పోయిన సెలవు రోజు దుబాయ్‌ల మన క్యాంపు మెస్ హాలులో నేను చెప్పిన మాటలు ఇవి. నైట్ డ్యూటీ వాళ్లు వినలేదు, రాసి గ్రూపుల పెట్టమన్నరు. మాట్లాడినట్టే రాసిన. చదువు రాని అన్న ఎవరన్నా పక్కన ఉంటే ఒకసారి చదివి వినిపించండి.

మన సైట్ల కింద బేస్‌మెంట్లు, పైన ముప్పై అంతస్తులు. కింద ఉన్నోడు వాకీటాకీల మాట్లాడితే పైన ఉన్నోడికి అందదు. మధ్యల అంత కాంక్రీటు, ఇనుము. అందుకే రూఫ్ మీద ఒక డబ్బా పెట్టినరు. దాని పేరు రిపీటర్. మన చేతిల ఉండే సెట్టు 4, 5 వాట్లది. దాని సన్న మాటను రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీ మీద వింటది. లోపల ఉన్న ఆంప్లిఫయర్ తోని పెంచి, ఇంకో ఫ్రీక్వెన్సీ మీద ఆంటెన్నా నుంచి బయటికి పంపుతది. మనది 40 వాట్లకు పెంచుతది.

40 వాట్లే గదా, ఒక బల్బంత గదా అని మొన్న ఒక తమ్ముడు నవ్విండు. బల్బు వెలిగితే కంటికి కనబడతది. ఇది కనబడదు, వినబడదు, వాసన రాదు. ఆ తేడానే మనం ఈ రోజు మాట్లాడుకునేది.

రిపీటర్ ఎప్పుడు పంపుతదో పైన ఉన్నోడి చేతిల లేదు. ఎవరూ మాట్లాడనప్పుడు ఆంటెన్నా ఒట్టి కట్టె లెక్క ఉంటది, ముట్టుకున్నా ఏం కాదు. కానీ కింద బేస్‌మెంట్ల ఎవరన్నా బటన్ నొక్కిన క్షణంల పైన 40 వాట్లు బయలుదేరుతయి. నొక్కినోడికి పైన మనిషి ఉన్నడని తెల్వది. పైన ఉన్నోడికి కింద నొక్కుతున్నరని తెల్వది.

ఇంకో కంపెనీల పని చేసినప్పుడు నేను కండ్లార చూసిన. ఒక హెల్పర్ ఆంటెన్నా కేబుల్ కనెక్టర్ విప్పుతున్నడు. డబ్బా ప్లగ్గు గుంజిండు, ఇంక భయం లేదనుకున్నడు. కింద స్టోర్ కీపర్ సిమెంటు బండి వచ్చిందని చెప్పెతందుకు బటన్ నొక్కిండు. హెల్పర్ వేలు కనెక్టర్ నడుమ సూది మీద ఉంది. మన ఇంటి కరెంటు లెక్క గుంజి కొట్టలేదు. అందుకే చెయ్యి వెంటనే తియ్యలేదు. వేలు మీద చిన్న తెల్ల మచ్చ, అంతే. రాత్రికి లోపల సలుపుడు మొదలైంది. మానెతందుకు చాన రోజులు పట్టింది. రేడియో కాలుడు అట్లనే ఉంటది. పైన తోలు మీద గింతనే కనబడతది, లోపల ఎక్కువ కాలుతది. మచ్చ చిన్నగుందని ఊరుకోవద్దు, క్లినిక్‌ల చూపించి, రేడియో ఆంటెన్నా తోని కాలిందని డాక్టరుకు చెప్పాలె.

మరి ప్లగ్గు గుంజినంక ఎట్ల వచ్చింది? రిపీటర్‌కు బ్యాటరీ బ్యాకప్ ఉంటది. కరెంటు పోయినా సైట్ల మాట ఆగొద్దని పెడతరు. ప్లగ్గు తీస్తే డబ్బాకు కరెంటు పోయినట్టే లెక్క, వెంటనే బ్యాటరీ మీదికి మారుతది. కాబట్టి 230 వోల్టుల బ్రేకర్ పడగొట్టాలె, బ్యాటరీ లైను సుత విడదియ్యాలె. రెండూ. ఒక్కటి చేసి పోయెటోళ్లే చానమంది.

బ్రేకర్‌కు తాళం వెయ్యాలె. నీ తాళం, నీ పేరు రాసిన ట్యాగు, తాళంచెవి నీ జేబుల. ఫోర్‌మన్ జేబుల కాదు, డబ్బా పక్కన మేకుకు కాదు. ఇద్దరు పని చేస్తుంటే రెండు తాళాలు పడాలె. ఒకడు ముందుగాల దిగిపోతే తన తాళం తాను తీసుకొని పోవాలె, ఇంకొకని తాళం ముట్టొద్దు. నీ పని నడుస్తుండంగ ఎవరన్నా వచ్చి అర్జెంటు, ఒక్క నిమిషం ఆన్ చెయ్యి అంటే, ముదీర్ అయినా సరే, నువ్వు కిందికి దిగినంకనే. వాళ్లకు నా పేరు చెప్పుర్రి, నేను మాట్లాడుత.

తాళం వేసినంక నమ్మి చెయ్యి పెట్టొద్దు, చూసుకోవాలె. చూసుకునుడు సులువే. ఇద్దరి చేతిల రెండు సెట్లు పట్టుకోండి, రిపీటర్ చానల్ మీద పెట్టండి. ఒకడు బటన్ నొక్కి మాట్లాడాలె. ఆ చానల్ల మన సెట్టు పంపే ఫ్రీక్వెన్సీ వేరు, వినే ఫ్రీక్వెన్సీ వేరు. అందుకే రెండో సెట్టుల మాట వినబడిందంటే అది రిపీటర్ దాటి వచ్చినట్టే, అంటే డబ్బా ఇంకా బతికే ఉంది. ఏం వినబడకపోతే, డబ్బా మీద లైట్లన్నీ ఆరి ఉంటే, అప్పుడు పని మొదలుపెట్టండి.

డబ్బా ఆపే ముందు క్రేన్ ఆపరేటర్‌కు, రిగ్గర్లకు చెప్పుడు మర్చిపోవద్దు. లోడు గాలిల ఉండంగ మాట ఆగిపోతే ఏమైతదో మీకు నేను చెప్పేదేం లేదు.

క్రేన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇది రిగ్గర్లు మంచిగ వినాలె. రిపీటర్ తెరుచుకునెతందుకు కొంచెం సమయం పడుతది. బటన్ నొక్కంగనే మాట్లాడితే మొదటి మాట తెగిపోతది. మన సైట్ల హిందీల మాట్లాడుకుంటం. నువ్వు "మత్ ఉఠావో" అంటవు. "మత్" తెగిపోతది. పైన ఆపరేటర్‌కు "ఉఠావో" అని వినబడతది. ఎత్తొద్దన్నోడివి నువ్వు, ఎత్తుమన్నట్టు వినేది వాడు. నేను ఇది జోక్‌కు చెప్తలేను. బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడండి. ఆపాలంటే "మత్" తోని మొదలయ్యే మాట వాడొద్దు. "స్టాప్ స్టాప్ స్టాప్" అని మూడుసార్లు అనండి, ఒకటి తెగినా రెండు మిగులుతయి. లోడు ఎత్తేటప్పుడు రిపీటర్ చానల్ వద్దు, సెట్టు నుంచి సెట్టుకు నేరుగా పోయే చానల్ మన సెట్లల్ల ఉంది, దాని మీదనే మాట్లాడాలె. మాట ఆగితే ఆపరేటర్ సుత క్రేన్ ఆపాలె. చప్పుడు లేదంటే సరే అన్నట్టు కాదు.

ఇప్పుడు డబ్బాను చూసుకునే సంగతి. రూఫ్ డ్యూటీల ఉన్న ముగ్గురికి ఇది పని, మిగిలినోళ్లకు తెలిసి ఉంటే మంచిది.

ఆంటెన్నా లేకుండ ఆంప్లిఫయర్ ఆన్ చెయ్యొద్దు. ఊర్ల బోరు మోటరు తెలుసు గదా. డెలివరీ వాల్వు మూసి మోటరు నడిపితే నీళ్లు పోయే తోవ లేక మోటరు వేడెక్కుతది. ఇదీ అంతే. బయటికి పోవాల్సిన పవర్ తిరిగొచ్చి లోపలి ట్రాన్సిస్టర్‌ను కాలుస్తది. మంచి డబ్బాలు తమంతట తామే పవర్ తగ్గించుకుంటయి, చవుక డబ్బాలు కాలిపోతయి. ఆంటెన్నా తీసి టెస్ట్ చెయ్యాలంటే దాని జాగల డమ్మీ లోడు బిగించాలె. అది పవర్‌ను అంత వేడి చేసి మింగుతది, అందుకే అదే కాలే పెనం లెక్క అయితది, చెయ్యి పెట్టొద్దు.

మీటర్ చూసుడు నేర్చుకోండి, పెద్ద చదువు అక్కర్లేదు. ముందుకు పోయేది 40 వాట్లు ఉంటే తిరిగొచ్చేది ఒకటిన్నర వాట్ల దగ్గర ఉంటే మంచిగున్నట్టు. 10 వాట్లు తిరిగొస్తున్నయంటే ఎక్కడనో చెడింది. కనెక్టర్ల నీళ్లు పడ్డయి, లేకుంటే కేబుల్ నలిగింది, లేకుంటే ఎవరో మహానుభావుడు తెగిన ముక్క జాగల టీవీ కేబుల్ అతికిండు. టీవీ కేబుల్ 75 ఓమ్‌లది, మనది 50 ఓమ్‌లది. చూడంగ ఒక్కతీరుగనే ఉంటయి, పని ఒక్కతీరు చెయ్యయి. నెలకోసారి ఆ రెండు అంకెలు పుస్తకంల రాసి పెట్టండి. డబ్బా చెడే ముందు అంకె మారుతది, పోయిన నెల అంకె ఉంటేనే మారినట్టు తెలుస్తది.

ఈడ ఎండ ఒక బాధ, దుమ్ము ఇంకో బాధ, సముద్రపు తేమ మూడోది. డబ్బాకు వెనుక పళ్ల లెక్క అల్యూమినియం రేకులుంటయి, వేడి వాటి నుంచే పోతది. వాటి మీద తువ్వాల ఆరేసినోళ్లను, టిఫిన్ డబ్బా వెచ్చగుంటదని పెట్టినోళ్లను చూసిన. నవ్వు వస్తది గని డబ్బాకు ఊపిరి ఆడదు. ఫ్యాను జాలిని ఆఫ్ చేసినంక పొడి బ్రష్షు తోని దులపండి. నీళ్లు, తడిగుడ్డ వద్దు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండల మనకే పని లేదని చట్టం ఉంది. డబ్బాకు ఆ సెలవు లేదు. అందుకే దానికి నీడ కట్టాలె, గాలి ఆగకుండ కట్టాలె.

కనెక్టర్‌కు టేపు కింది నుంచి పైకి చుట్టుకుంట పోవాలె. పెంకుటిల్లు మీద పెంకులు కింది వరుస నుంచి మొదలుపెడతం గదా, పై వరుస కింది వరుస మీద పడి నీళ్లు జారిపోతయి. టేపు సుత అంతే. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడత నీళ్లు పట్టే దొన్నె అయితది. కేబుల్ డబ్బాల దూరే ముందు కొంచెం కిందికి వేలాడి మళ్ల పైకి పోవాలె, నీటి చుక్క ఆ వంపు దగ్గరనే రాలిపోతది.

బ్యాటరీ దగ్గర ఉంగరం, గడియారం, కడియం తియ్యండి. 12 వోల్టులే గదా అనొద్దు. పానా రెండు కొసల మీద పడితే ఎర్రగ కాలి అతుక్కపోతది. అప్పుడు మధ్యల ఉన్నది పానా కాదు, నీ ఉంగరం అనుకో. డబ్బా మూత మాత్రం మనం విప్పొద్దు, ఆఫ్ చేసినా లోపల కెపాసిటర్లల్ల కరెంటు నిలిచి ఉంటది. అది టెక్నీషియన్ పని.

ఏసీ పనికి, పెయింటింగ్‌కు, వాటర్‌ప్రూఫింగ్‌కు వేరే బిల్డింగుల రూఫ్ ఎక్కే అన్నలు మన గ్రూపుల చానమంది ఉన్నరు. ఆడ ఫోన్ కంపెనీ వాళ్ల పొడుగు తెల్ల పలకలు నిలబెట్టి ఉంటయి. అవి ఆంటెన్నాలే. పలక ముఖం ఎటు ఉంటే అటే పవర్ పోతది, వెనుక చాన తక్కువ. దాని ముందర దగ్గరగ నిలబడి గంటల కొద్దీ పెయింట్ వేసుడు, దానికి తాడు కట్టుడు చెయ్యొద్దు. అది ఒంటిని లోపల వేడి చేస్తది. కంటికి రక్తం తక్కువ పారుతది కాబట్టి ఆ వేడి తొందరగ పోదు, కంటికే ఎక్కువ భయం. పసుపుపచ్చ బోర్డు ఉంటే దాని మీద రాసిన దూరం పాటించండి. పలక ముందరనే పని చెయ్యాల్సి వస్తే, ఆ ఆంటెన్నా ఆపిచ్చినట్టు కాయితం చూపియ్యమని సూపర్‌వైజర్‌ను అడగండి. "ఏం కాదు పో" అంటే అది కాయితం కాదు.

అట్లని కింద రూముల పండుకున్నోళ్లు భయపడే పని లేదు. దూరం రెట్టింపు అయితే పవర్ నాలుగో వంతు అయితది. భయం దగ్గరికి పోయి పని చేసెటోళ్లకే.

చివరికి క్యాంపు సంగతి. మన పోర్టా క్యాబిన్ గోడలు ఇనుప రేకు, లోపలికి సిగ్నల్ రాదు. ఇంటికి ఫోన్ చేస్తే మాట తెగుతది. పిల్ల జ్వరం సంగతి సగం వినబడి సగం వినబడకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు, నాకు తెలుసు. అందుకే కొందరు ఆన్‌లైన్‌ల సిగ్నల్ బూస్టర్ కొని కిటికీకి కడుతున్నరు. వద్దు. ఈ దేశంల టెలికాం శాఖ, టీడీఆర్ఏ, అనుమతి లేని రేడియో పరికరం పెట్టుడు నేరం. జరిమానా ఉంటది, కేసు అయితది. కేసు అయినంక మన వీసా సంగతి మీకు తెలుసు. చెడు ఒక్కనికే కాదు. వినాయక మండపంల మైకును స్పీకర్ ముందరికి తెస్తే కుయ్యిమని మోగుతది గదా, బయటి ఆంటెన్నా, లోపలి ఆంటెన్నా దగ్గర దగ్గర కడితే బూస్టర్ సుత అట్లనే మోగుతది. మన చెవికి వినబడదు, టవర్‌కు వినబడతది. ఆ టవర్ మీద ఉన్న అందరి ఫోన్లు ఇబ్బంది పడతయి. పక్క రూముల గుండె నొప్పి వచ్చినోని కోసం 998 కు అంబులెన్స్ ఫోన్ పోకపోతే? కంపెనీ వాళ్లు మీటర్ పట్టుకొని వెతుక్కుంట వస్తరు, రూము దాక దొరకబట్టుతరు.

దాని బదులు క్యాంపుల వైఫై ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌ల వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఎతిసలాత్, డూ రెండూ ఇస్తయి. కొన్ని ఫోన్లల్ల రాదు, అప్పుడు బోటిమ్ ఉంది. సిగ్నల్ లేదని ఎతిసలాత్‌కు 101, డూకు 155 కొట్టి కంప్లైంట్ నంబరు తీసుకోండి. ఒక్కడు కొడితే లెక్క చెయ్యరు, రూముకొకరు కొట్టాలె. ఆ నంబర్లన్నీ ఒక కాయితం మీద రాసియ్యండి, క్యాంపు బాస్ దగ్గరికి నేను తీసుకపోత.

రేపు రూఫ్ మీద కేబుల్ మార్చుడు ఉంది. పోయెటోళ్లు 5:30కు స్టోర్ దగ్గరికి రండి. తాళాలు ఆరు వచ్చినయి, పేర్లు ఇంకా రాయలేదు. ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలె.