ఇంటికి మొక్కను ఎచ్చట కొనవలయును?



పిల్లకు సంబంధము చూచునపుడు మనవారు రూపము మాత్రమే చూచి తృప్తిపడరు. పెంపకమెట్టిది, స్వభావమెట్టిది, మన యింట ఇముడునా యని పదిమంది నడిగి తెలిసికొందురు. మొక్క కొనునపుడు మాత్రము పువ్వు చూచి, వెల బేరమాడి, ఆటోలో పెట్టుకొని ఇంటికి వచ్చెదము. పదిదినములలో ఆకు రాలినచో మన చేయి మంచిది కాదని విచారింతుము. పెక్కుసార్లు దోషము చేతిది కాదు, కొన్న తీరుది.

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములవారికి మొక్కలు దొరకు తావులకు కొఱత లేదు. వీధిలోనికి వచ్చు తోపుడుబండి కలదు. బాటప్రక్కన నర్సరీ కలదు. గోదావరి దాటినచో కడియము, కడియపులంక నర్సరీలున్నవి. దేశపు నలుమూలలకును అచ్చటినుండి మొక్కలు లారీలపై పోవుచున్నవి. తాడేపల్లిగూడెము చెంతనే వేంకటరామన్నగూడెములో 2007వ సంవత్సరమున ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. వీనిలో ఇదియే ఉత్తమమని ఒక్కదానిని చూపుట న్యాయము కాదు. మొక్క పుట్టుకను, పెంపకమును, స్వభావమును గూర్చి అడిగినపుడు సూటిగా చెప్పగలవాని యొద్ద కొనుడు. అతడు బండివాడైనను సరియే.

మొదట పుట్టుక. నర్సరీలలో అమ్మెడి మేలుజాతి గులాబి చాలవఱకు వేఱొక మొండిజాతి గులాబి కాండముపై కన్ను అతికించి పెంచినది. అతుకునకు దిగువనుండి వచ్చు చివురు ఆ మొండిజాతిదే. దానిని త్రుంచనిచో మొక్క ఏపుగా పెరుగును గాని, మీరు మెచ్చి కొన్న పువ్వు కానరాకపోవును. అతుకు ఎచ్చటనున్నదో అమ్మువాడు వ్రేలితో చూపవలయును. పెరటిలో మామిడి అంటు నాటువారు కొమ్మను ఏ తల్లిచెట్టునుండి తీసిరో అడుగవలయును. అంటు తప్పుదైనచో అది తెలియునాటికి ఏండ్లు గడచిపోవును.

రెండవది పెంపకము. ఇంటిలో పెట్టుకొను ఆకుమొక్కలను నర్సరీలలో నీడవలల క్రింద పెంచుదురు. అట్టిదానిని తెచ్చి ఏలూరి వైశాఖపుటెండలో మేడపైనుంచినచో ఆకు మాడక యేమగును? ఇన్నాళ్లు ఏ వెలుగులోనున్నదో అడిగి, మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయవలయును. ఆకులను త్రిప్పి అడుగున తెల్లని పిండిపురుగున్నదేమో చూడుడు. కుండీ రంధ్రమునుండి వేళ్లు గుత్తులుగా వెలికి వచ్చినచో అది చిరకాలము ఇఱుకున మగ్గిన మొక్క. మన కొల్లేటి అంచు గ్రామములలో నల్లని బంకమట్టిని ఒంటిగా కుండీలో నింపినచో నీరు నిలిచి వేరు క్రుళ్లును. ఇసుకయు, బాగుగా మాగిన పశువుల ఎరువును కలుపవలయును. క్రొత్త మొక్కను రెండు వారములు తక్కినవానికి ఎడముగా ఉంచుట మేలు.

కాలమును గూడ గమనింపుడు. సుమారు 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, ఏ దశలోనున్న మొక్కను ఏ ఋతువున నాటవలయునో వివరించెను. కొమ్మ నాటి పెంచు విధమును గూడ తెలిపెను. పొరుగింటివారి మందారమునుండి తొలకరిలో ఒక కొమ్మ అడిగి తెచ్చుకొన్నచో అంతకంటె నమ్మకమైన అంగడి లేదు. అది మన నీటికిని, మన గాలికిని అలవడినదే కదా.

మూడవది స్వభావము. గన్నేరు ఆకు, కొమ్మ, గింజ అన్నియు విషమే. మచ్చల ఆకులతో ముచ్చటగొలుపు డైఫెన్‌బేకియా ఆకును పసిబిడ్డ నమలినచో నాలుక మండి వాచును. పిల్లలును పశువులును గల యింటికి ఏది తగదో ముందుగా హెచ్చరించువాడే మంచి వర్తకుడు.

ఈ స్వభావ విచారణ లేకపోవుటచే కలిగిన చేటునకు మన కాలువలే సాక్ష్యము. గుర్రపుడెక్క దక్షిణామెరికాది. దాని ఊదాపువ్వు అందమునకు మురిసి, 19వ శతాబ్ది చివర అలంకారపు మొక్కగా వంగదేశమునకు తెచ్చిరి. నేడది మన కాలువలలోను, మురుగు డ్రెయినులలోను, కొల్లేటిలోను పరచుకొని నీటి పరుగును అడ్డగించుచున్నది, పడవకు త్రోవనీయదు, క్రింది నీటికి ప్రాణవాయువు అందనీయక చేపను చంపును. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్సారు ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడిన సరస్సునకు పట్టిన గతి యిది! తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలియును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. కాలువలో విసరివేసిన చిన్న మొక్క ఎంత దూరము పోవునో ఊహింపుడు.

కావున నీటితొట్టిలో పెంచుటకు తేలెడి మొక్కను ఎవరైన అమ్మజూపినచో, ఇది ఎట్లు వ్యాపించునని మొదట ప్రశ్నింపుడు. జవాబు రానిచో కొనకుడు. ఇంట విసుగు పుట్టించిన మొక్కను కాలువలో పారవేయక, ఎండబెట్టి ఎరువుకుప్పలో వేయుడు. మన గుమ్మమునకు అందము తెచ్చినది మన చెఱువునకు కీడు చేయకుండుగాక!