ఇద్దరు దూతలు, ఒక నిర్ణయం



క్రిస్మస్ నాటికల్లో మనం సాతానుకు నల్లరంగు పూస్తాం, దేవదూతకు తెల్లబట్టలు వేస్తాం. చెడు ఎవరో ముందే తెలిసిపోతుంది. పైగా నలుపంటే పాపమని పిల్లలకు నేర్పినవాళ్లమవుతాం.

ఇంగ్లాండు నాటకకర్త క్రిస్టఫర్ మార్లో రాసిన 'డాక్టర్ ఫాస్టస్' 1604లో అచ్చయింది. అందులో ఫాస్టస్ 24 ఏళ్ల భోగం కోసం తన ఆత్మను సాతానుకు రాసిస్తాడు. మంచి దూత, చెడ్డ దూత అతనికి చెరొక మాట చెబుతారు. పశ్చాత్తాపపడితే ఇంకా సమయముందని ఒకరు, మించిపోయిందని మరొకరు. ఇద్దరూ చెప్పగలరేగాని అతని చేయి పట్టి రాయించలేరు. నిర్ణయం ఫాస్టస్‌దే.

మనం కట్నం మీద నాటిక వేస్తే, చెడ్డ దూతకు కొమ్ములు పెట్టొద్దు. "నువ్వు అడగలేదు కదా, వాళ్లే ఇష్టంగా ఇస్తున్నారు" అని మర్యాదగా మాట్లాడనిద్దాం. "ఆ అమ్మాయి తండ్రి ఎక్కడ అప్పు చేశాడో కనుక్కున్నావా?" అని మంచి దూత అడగాలి. మొదటి మాట మన ఇళ్లలో రోజూ వినేదే. రెండోది మనం వినకుండా తప్పించుకునేది.

మధ్యలో పెళ్లికొడుకు మౌనంగా నిలబడతాడు. ఆ మౌనం మనదే. ఈ ఏడు పెళ్లి కుదిరిన మన యువకులు దానికి సరైన జవాబు చెప్పాలని ప్రార్థిద్దాం, వాళ్ల పక్కన నిలబడదాం.