పసిపిల్లలు కూర్చుండు తీరు

"నడుము వంచకు, నిటారుగా కూర్చో" అను మందలింపు వినబడని ఇల్లు మన వైపున అరుదు. బిడ్డ ఒక నిమిషము నిటారుగా కూర్చుండును, మరల వంగిపోవును. దానిని మనము మొండితనమందుము. ఆ బిడ్డ కూర్చున్న ఆసనమెట్టిది, ఎదుట వెలుతురెంత, ఒంటి కండలలో బలమెంత అని విచారింపము. ఈ మూడును చక్కబడిననాడు మందలింపుతో పని చాలవరకు తీరిపోవును.

మొదట వెన్నెముక సంగతి తెలిసికొనవలెను. పుట్టిన శిశువు వెన్ను దాదాపు ఒకే వంపుగా ఉండును. మూడు నాలుగు నెలలలో బిడ్డ తల నిలుపుకొనుచుండగా మెడ వద్ద లోవంపు స్థిరపడును. కూర్చుండుట, నిలుచుట, నడచుట అలవడిన కొలది నడుము వద్ద మరియొక లోవంపు ఏర్పడును. కనుక ఆరోగ్యవంతమైన వెన్ను వెదురుబొంగువలె తిన్నగా ఉండదు. బిడ్డను కర్రవలె బిగించి కూర్చుండబెట్ట యత్నించుట ప్రకృతికి విరుద్ధము.

బోర్లపడినప్పుడు బొబ్బట్లు, అడుగు వేసినప్పుడు అరిసెలు పంచుట మనకు వేడుక. ఈ రెండు వేడుకల నడుమ బిడ్డ తనంతట తాను కూర్చుండుట నేర్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో సహా ఐదు దేశముల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారము, ఆధారము లేక కూర్చుండుట కొందరికి 4వ నెల నిండకముందే, మరికొందరికి 9 నెలలు దాటిన పిమ్మట అలవడును. ఎదురింటి బిడ్డ కూర్చున్నదని మన బిడ్డను దిండ్ల నడుమ గంటలకొలది నిలబెట్టి ఉంచుట తగదు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు కనిపెట్టి ఉండగా, చాపపై బోర్లా పడుకొనబెట్టవలెను. ఇంకను పాకనేర్వని శిశువునకు దినమునకు మొత్తము మీద అరగంటయైన ఇట్టి అవకాశముండవలెనని ఆ సంస్థయే 2019లో సూచించినది. మెడ, భుజములు, వీపు బలపడుటకు ఇదే తొలి వ్యాయామము. నిద్రకు మాత్రము వెల్లకిలగానే పడుకొనబెట్టవలెను.

వసిష్ఠ గోదావరి ఒడ్డున కొబ్బరితోటల నడుమ ఉన్న దిండి వంటి గ్రామములో పిల్లలకు నేలయే తొలి ఆసనము. అరుగుమీద మఠము వేసికొనుట, గొంతుకూర్చుండి గవ్వలాడుట, కాళ్లు చాచి పలక పట్టుట, మరుక్షణము లేచి పరుగెత్తుట: ఈ మార్పులన్నియు తుంటి కీళ్లకు, నడుమునకు మేలు చేయును. నేలపై కూర్చుండుట నాగరికత కాదని మాన్పించుట పొరపాటు. కొందరు పిల్లలు మోకాళ్లు ముందునకు, పాదములు రెండు ప్రక్కలకు పెట్టి పిరుదులు నేలకానించి కూర్చుందురు. దీనివలన తుంటి కీలు తొలగునని చెప్పుటకు తగిన ఆధారము కనబడలేదు. బిడ్డ వేరు విధములుగా కూడ కూర్చుండుచున్నచో భయపడనక్కరలేదు. ఎల్లప్పుడు అట్లే కూర్చుండినను, నడకలో తొట్రుపాటు ఉన్నను వైద్యునకు చూపవలెను.

కుర్చీ విషయములో జాగ్రత్త హెచ్చుగా కావలెను. మన ఇండ్లలోని కుర్చీలు పెద్దల కొలతకు చేసినవి. అందు కూర్చున్న అయిదేండ్ల బిడ్డ పాదములు గాలిలో వ్రేలాడును. వీపు వెనుకకు ఆనదు. అందుచేత ముందునకు జారి గూనిపోవును. పాదముల క్రింద ఒక పీట వేయుడు. వీపు వెనుక దుప్పటి మడచి పెట్టుడు. బల్ల మోచేతుల ఎత్తులో ఉండవలెను. నేలపై చదువునప్పుడు పుస్తకమును ఒక పీటపై వాలుగా నిలుపుడు. ఇంత చేసినను బిడ్డ పుస్తకమునకు ముక్కు తగులునంతగా వంగుచున్నచో, దోషము నడుములో కాక కంటిచూపులో ఉండవచ్చును. కన్నులు పరీక్ష చేయింపవలెను.

బడి బల్లలును ఈ విషయములో ముఖ్యమైనవే. మరియా మాంటిసోరి 1907లో రోము నగరమున తన శిశుగృహమును తెరచినప్పుడు, పిల్లలను కదలనీయని బెంచీలను విడిచి వారు తామే ఎత్తి జరుపుకొనగల చిన్న కుర్చీలను పెట్టించినది. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, ఉపాధ్యాయులకు తన పద్ధతి బోధించినది. మన రాష్ట్రమున 2019లో ఆరంభమైన నాడు-నేడు పథకము క్రింద అనేక ప్రభుత్వ పాఠశాలలకు కొత్త బల్లలు వచ్చినవి. బల్ల ఎంత మంచిదైనను గంటలకొలది కదలక కూర్చుండుట పిల్లలకు తగదు; పాఠముల నడుమ లేచి ఒళ్లు విరుచుకొననీయవలెను. పుస్తకముల సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదని 2020 నాటి కేంద్ర విధానము చెప్పుచున్నది. 20 కిలోల బిడ్డ మోయదగినది 2 కిలోలే. ఇక సెల్‌ఫోను ముందు మెడ వంచి కూర్చుండుట సంగతి: ఏడాది లోపు బిడ్డకు తెర అసలే వద్దనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి కలదు. తొమ్మిది నెలలు దాటినను బిడ్డ ఆధారము లేక కూర్చుండలేకపోవుట, ఒక భుజము రెండవదానికంటె ఎత్తుగా ఉండుట, వీపుపై గడ్డవలె ఉబ్బు కనబడుట, రాత్రివేళ వెన్నునొప్పితో ఏడ్చుట, వదలని జ్వరముతో చిక్కిపోవుట: ఇవి చెడు అలవాటు గుర్తులు కావు. వెన్నెముకకు క్షయ సోకినప్పుడును గూని ఏర్పడవచ్చును. సకాలమున మందులు పడినచో ఆ వ్యాధి నయమగును. ఆలస్యమైనచో కాళ్లు చచ్చుబడు ప్రమాదము కలదు. అట్టి బిడ్డను "గూనివాడా" అని వెక్కిరించి కాలము గడుపుట ఎంత అన్యాయము! 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఒకసారి వైద్య బృందము పరీక్షింపవలెను. బృందము వచ్చిననాడు బిడ్డను తప్పక పంపుడు. పై గుర్తులు కనబడినచో ఆ దినము వచ్చువరకు వేచియుండక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు.

ఈ సాయంకాలము మీ బిడ్డ చదువుకొనుచున్నప్పుడు ఒక్కసారి ప్రక్కనుండి చూడుడు. పాదములు ఆనినవా? వీపునకు ఆధారమున్నదా? వెలుతురు చాలునా? ఎంతసేపటినుండి కదలక కూర్చున్నది? వీనిలో లోపమున్నదానిని ముందు దిద్దుడు. ఆ పిమ్మట బిడ్డను కాసేపు ఆటకు విడువుడు.