బాలునకు రెండవ పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట సామాన్య విషయము కాదు. సాలున సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టనేలలో, వేరుసెనగ పంట చేతికి వచ్చునో రాదో తెలియని రైతుల నడుమ, ఒక పుస్తకాల గది తలుపులు ఇంతకాలము తెరచియుండుట మిక్కిలి గర్వింపదగిన సంగతి. రజతోత్సవ సమయమున బీరువాలెన్ని, గ్రంథములెన్ని, చందాదారులెందరు అను లెక్కలు చదువుట ఆచారము. ఆ లెక్కలు కావలసినవే. వానితోపాటు మరియొక లెక్కయు చూడవలసియున్నది. మొదటి పుస్తకము తీసికొనిపోయిన పిల్లలలో రెండవ పుస్తకమునకై తిరిగి వచ్చినవారెందరు?

మొదటి పుస్తకము ఏదో యొక విధముగా బాలుని చేరును. పాఠశాలలో బహుమానముగా రావచ్చును. లేదా అట్టమీది బొమ్మ చూచి ముచ్చటపడి వాడే తీయవచ్చును. అది చదివి ముగించిన నాడు వాని మనస్సున ఇంకను చదువవలెనను కోరిక పుట్టును. ఆ కోరిక తొలకరి పదను వంటిది. పదను ఆరకముందే విత్తనము పడవలెను. ఆరిన పిమ్మట ఎంత మేలైన విత్తనము చల్లినను మొలవదని ఈ ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు.

పుస్తకము పాఠకుని వెదకుకొని పోవలెనను భావము దక్షిణదేశమునకు క్రొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమంతయు ఆ ఉద్యమమునకే ధారవోసిరి. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అందు ప్రముఖులై, వయోజన విద్యకై పాటుపడిరి. 1931లో తంజావూరు మండలమున మన్నార్గుడి వద్ద ఎద్దులబండిపై పుస్తకములు పల్లెలకు పోయినవి. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో కృష్ణా కాలువలమీద పడవ గ్రంథాలయము నడచినది. అనంతపురమున అట్టి కాలువలు లేవు; పెన్నయే సంవత్సరములో అధికభాగము ఇసుక. ఇచట పుస్తకమును మోయవలసినవారు మనుష్యులే.

1931లో వెలువడిన రంగనాథన్‌గారి గ్రంథాలయ సూత్రములైదింటిలో రెండు ఈ సందర్భమున స్మరింపదగినవి. ప్రతి పాఠకునకు అతని పుస్తకము దొరకవలెను. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు దొరకవలెను. పెద్దవారు తమకు కావలసినది అడిగి తీసికొందురు. పదేండ్ల బాలునకు తనకేమి కావలెనో చెప్పుటకు మాటలు చాలవు. కనుక వాని విషయమున ఈ సూత్రములను నెరవేర్చు భారము గ్రంథపాలకునిపైనను, ఉపాధ్యాయునిపైనను, తల్లిదండ్రులపైనను పడుచున్నది.

అది నెరవేర్చు ఉపాయము కష్టమైనది కాదు. పుస్తకము తిరిగి యిచ్చుటకు వచ్చిన బాలుని "బాగున్నదా?" అని అడిగిన, వాడు "బాగున్నది" అని తలయూపి ఊరకుండును. అట్లుగాక "ఏ భాగము రెండుమారులు చదివితివి? ఎవరికి ఆ కథ చెప్పితివి?" అని అడుగవలెను. అపుడు వాని మనస్సు బయటపడును.

తెనాలి రామలింగని కథలు చదివిన ముగ్గురు పిల్లలను తలచుకొనుడు. ఒకడు కడుపుబ్బ నవ్వి వచ్చినాడు. వానికి పరమానందయ్య శిష్యుల కథలు, ఆపైన ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు', ఇంకను పెద్దవాడైన పిమ్మట మొక్కపాటి వారి 'బారిష్టరు పార్వతీశం' ఈయవచ్చును. రెండవవాడు రామలింగని యుక్తికి అబ్బురపడినాడు. వానికి మర్యాదరామన్న తీర్పులు, అటుపిమ్మట ప్రశ్నతో ముగియు బేతాళ కథలు తగును. మూడవది ఒక బాలిక. రాయలు నిజముగా ఉండెనా, ఎచట ఉండెనని ఆమె అడుగును. ఆమెకు విజయనగర చరిత్ర తెలుపు చిన్న పుస్తకము నిచ్చి, పెనుగొండ కోటను, లేపాక్షి గుడిని చూచి రమ్మనవలెను. పుస్తకమొక్కటే, దానినుండి బయలుదేరిన త్రోవలు మూడు. ముగ్గురికి ఒకే రెండవ పుస్తకము నిచ్చినచో ఇద్దరైనను త్రోవ తప్పుదురు.

కథలయందు మనస్సు లేక, వాన ఎట్లు కురియును, నక్షత్రములెంత దూరము అని అడుగు పిల్లలును కలరు. వారిని చదువునం దాసక్తి లేనివారని త్రోసివేయరాదు. జవాహర్‌లాల్ నెహ్రూగారు 1928లో పదేండ్ల కుమార్తె ఇందిరకు భూమి పుట్టుకను, ఆదిమానవుని బ్రతుకును వివరించుచు ఉత్తరములు వ్రాసిరి. అట్టి రచనలు ఈ పిల్లలకు కథలకంటె రుచించును. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయమున బొమ్మలతో కూడిన చిన్న పుస్తకములు తెలుగులో లభించుచున్నవి.

పెద్దలు సాధారణముగా చేయు పొరపాటు ఒకటి కలదు. బాలుడు కొంచెము చదువుచున్నాడని తెలిసినంతనే, మిక్కిలి గొప్ప గ్రంథమును వాని చేత పెట్టుదురు. 1853లో వెలువడిన చిన్నయసూరిగారి 'నీతిచంద్రిక' తెలుగు వచనమునకు భూషణము. అయినను దాని శైలి పదేండ్ల బాలునకు కొరుకుడు పడదు. వాడు మొదట తేట తెలుగున వ్రాసిన పంచతంత్ర కథలు చదివినయెడల, కొన్నియేండ్లకు సూరిగారిని తానే వెదకుకొనును. ముందుగానే బలవంతపెట్టిన, మిత్రలాభమునకు బదులు పుస్తకముతో శత్రుత్వమే కలుగును. దీనికొక సులభమైన పరీక్ష ఉన్నది. ఒక పుట చదివించి, తెలియని మాట వచ్చినపుడెల్ల ఒక వ్రేలు మడువుమనవలెను. పుట ముగియకముందే అయిదు వ్రేళ్ళును ముడిచినచో ఆ పుస్తకమునకు ఇంకను కాలము రాలేదు. అట్టిదానిని సగములో విడిచి తిరిగి యిచ్చిన బాలుని మందలింపరాదు. నచ్చని పుస్తకమును విడుచు స్వాతంత్ర్యము లేనివానికి నచ్చిన దానిని వెదకు ధైర్యము రాదు.

కథల పుస్తకములు చదివిన పాఠములు పాడగునని కొందరి భయము. గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో చెప్పిన విషయము వీరికి సమాధానము. పాఠ్యపుస్తకములు తప్ప వేరొకటి చదువని బాలునకు, తండ్రి కొనియుంచిన శ్రవణకుమారుని పితృభక్తి నాటకము కంటబడినది. ఎవరును చదువుమని ఆజ్ఞాపింపలేదు. బాలుడు దానిని మిక్కిలి ఆసక్తితో చదివెను. అది ఆయన హృదయమున చెరగని ముద్రవేసెను. పుస్తకము కంటబడునట్లు ఉండుటయే అచట జరిగిన మేలు. అందుచేత పిల్లల పుస్తకములు తాళమువేసిన బీరువాలో గాక, వారి చేతికందు ఎత్తున ఉండవలెను.

1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డిగార్లు ప్రారంభించిన 'చందమామ' అనేక తరముల పిల్లలకు నెలనెలా తరువాతి పుస్తకమును తానే అందించినది. ఈ నెల సంచిక ముగిసిన వెంటనే వచ్చు నెలకై ఎదురుచూచుట అలవాటయ్యెను. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. కనుక ఆ ఎదురుచూపును నిలుపు పని గ్రంథాలయమునకు సంక్రమించినది.

తల్లిదండ్రులకు అక్షరములు రాని ఇండ్లలో ఈ పని సాగునా అని సందేహము కలుగవచ్చును. తప్పక సాగును. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో సమాధి గల వేమన పద్యములు చదువురాని వృద్ధుల నోటను ఆడుచున్నవి. మనుమడు కథ చదువుచుండ వినుచు, "ఆ తరువాత ఏమాయెరా?" అని అడుగు అవ్వ పెద్ద చదువరులతో సమానము. ఆమె ప్రశ్నకు బదులు చెప్పుటకైనను వాడు మరుసటి పుస్తకమునకు వచ్చును.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు వలస. పంట పోయిన యేట అనేక కుటుంబములు కూలికై బెంగుళూరు మొదలగు చోట్లకు పోవును. కొందరు పిల్లలు అవ్వతాతల వద్ద నిలుతురు. కొందరు తల్లిదండ్రులతో పోవుదురు. అట్లు పోయిన పిల్లలకు కన్నడ దేశమున తెలుగు అక్షరము కంటబడుటయే అరుదు. చదువు నేర్చిన రెండేండ్లకే దానిని మరచువారు వీరిలో నుందురు. ఊరు విడుచునాడు వారి మూటలో రెండు మూడు పుస్తకములు పెట్టి పంపుట గ్రంథాలయము చేయగలిగిన గొప్ప సహాయము. గడువు పదునైదు దినములను నియమము వారి విషయమున సడలింపవలెను. తిరిగి వచ్చినపుడు అపరాధ రుసుము అడిగిన, ఆ బాలుడు గడప తొక్కడు, పుస్తకమును రాదు. చినిగివచ్చిన పుస్తకము చదువబడిన పుస్తకము. ఒకటి రెండు పోయినను ఆ నష్టమును లెక్కలో వ్రాసికొని సహింపవచ్చును.

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రజలు చెల్లించుచున్నారు. వలసపోవు కూలివాని ఇంటిపన్నులోను ఆ పైసలున్నవి. కావున వాని బిడ్డకు పుస్తకము నిచ్చుట దయ కాదు, బాకీ తీర్చుట.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారు ఒక చిన్న నోటుపుస్తకము ప్రారంభింతురు గాక. అందు ప్రతి బాలుని పేరు, చదివిన పుస్తకము, వాడు మెచ్చిన భాగము, తరువాత ఈయదగిన పుస్తకము అని నాలుగు గడులు చాలును. గ్రంథపాలకుడు మారినను ఆ నోటుపుస్తకము నిలుచును. వలసపోయి వచ్చిన బాలునకు ఎచట ఆగెనో అది చెప్పును. ఇంటిపనులవలన రాలేని బాలికలకు వారి తమ్ములచేత పుస్తకములు పంపుటకును అదియే ఆధారమగును.

స్వర్ణోత్సవము నాటికి ఈ సభను నడుపవలసినవారు నేడు పలకలు పట్టుచున్న పిల్లలు. వారికి రెండవ పుస్తకమును వేళకు అందింపగల శక్తి ఈ గ్రంథాలయమునకు దినదినాభివృద్ధి నొందును గాక.