ఉన్ని అల్లికలో ఉచ్చులను నిలుపు సాధనములు

ఉన్ని అల్లికను గూర్చి ముసలి పంతులు ప్రసంగించుటేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. చలికాలమున మీరు తలకు తొడుగుకొను ఉన్నికుళ్లాయిని ఒకమారు చేతబట్టి వెలుతురునకెదురుగా సాగదీసి చూడుడు. నేతబట్టయందువలె పడుగు పేకలు అందు గానరావు. ఒక వరుస ఉచ్చులలోనుండి మఱియొక వరుస ఉచ్చులు తీయబడి, దారము పైపైకి సాగిపోవుచుండును. క్రింది ఉచ్చును పై ఉచ్చు పట్టుకొనును. అన్నిటికంటె పైనున్న వరుసను పట్టుకొనునది మాత్రము సూదియే. సూదినుండి జారిన ఉచ్చు తన క్రిందిదానిని విడుచును. అది దాని క్రిందిదానిని విడుచును.

జాలరి వలలో ప్రతి కన్నునకును ముడి యుండును. ఒక కన్ను తెగినను ప్రక్క కన్ను నిలుచును. ఉన్ని అల్లికలో ఆ ముడి లేదు. లేకపోవుటచేతనే అది సాగును, ఒంటికి అమరును. ఆ గుణమును ఆ ప్రమాదమును ఒక్కచోటనే పుట్టినవి.

మన నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలు కొక్కెపుసూదితో అల్లు లేసు వేఱు. అందు కొక్కెముపై వేచియుండునది సాధారణముగా ఒక్క ఉచ్చే. పిల్లవాడేడ్చినను, పొయ్యిమీద పాలు పొంగినను, దానిని కొంచెము పెద్దదిగా లాగి, పని క్రిందబెట్టి పోవచ్చును. రెండు సూదుల అల్లికలోనో, నూఱేసి ఉచ్చులు ఒకేమారు సూదిని నమ్ముకొనియుండును.

పూర్వము ఈ భయము లేని పద్ధతియు నుండెను. ఈజిప్టుదేశమున ఆక్సిరింకస్ అను ప్రాచీన పట్టణమునందు దొరకిన ఎఱ్ఱని ఉన్నిమేజోళ్లు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నవి. అవి క్రీ. శ. 300 - 499 నడిమి కాలమువి. చెప్పుపట్టె యిముడుటకై బొటనవ్రేలికి వేఱుగా అర యుండుట చూడ ముచ్చట గొలుపును. అవి ఒక్క సూదితో చేసినవి. ప్రతి ఉచ్చులోనుండియు దారము కొసవఱకు దూర్చి లాగుదురు. కావున ఉచ్చు జారదు. కాని పొట్టి దారములు తీసికొని మాటిమాటికి అతుకవలయును. రెండు సూదుల పద్ధతి యందు దారపుటుండ ఎంత పెద్దదైనను చిక్కు లేదు, పని వేగముగా సాగును. ఉచ్చులను కాపాడు భారము మాత్రము అల్లువారిపై బడినది.

ఉచ్చులు ఏల వేచియుండవలయును? మేజోడునే చూతము. చుట్టును 64 ఉచ్చులున్న మేజోటికి మడమ వచ్చునప్పటికి వానిలో 32 మాత్రమే ముందుకు వెనుకకు అల్లుదురు. పాదముపైకి రావలసిన తక్కిన 32 ఉచ్చులు ఆ పని ముగియువఱకు కదలక నిలువవలయును. చొక్కాయి మెడవద్ద, చేతితొడుగు బొటనవ్రేలివద్దను ఇదే స్థితి. పాణిని వ్యాకరణము చదివినవారికి అనువృత్తి జ్ఞప్తికి వచ్చును: ముందు సూత్రములోని పదము తరువాతి సూత్రములకై నిలిచియుండును గదా!

నేనెఱిగిన యొక బాలికలపాఠశాలలో ఒక పిల్ల ఉబ్బసముతో బాధపడు తాతకై చొక్కాయి అల్లెను. మెడ ఉచ్చులను నిలుపుటకు ఆమెకు దొరకినది పాత గొడుగు ఊస. దానికి ఇరుకొసలను అడ్డు లేదు, పైగా నున్నన. సంచిలో పెట్టి యింటికి కొనిపోవులోపల ఉచ్చులన్నియు జారినవి. ఉపాధ్యాయిని ఆ పిల్ల శ్రద్ధను నిందించినది. శ్రద్ధకేమి కొఱత? రెండు నెలలు మధ్యాహ్నపు విరామమున అల్లిన పిల్ల! ఆ యేడు చలి గడచినది, చొక్కాయి కాలేదు. కొఱతవడినది మూరెడు నూలుదారము.

అంగళ్లలో ఇందులకై పెద్ద పిన్నీసువంటి లోహపు సాధనములు దొరకును. పిన్నీసును 1849లో న్యూయార్కునందు వాల్టర్ హంటు అనునాతడు కనిపెట్టి, హక్కును 400 డాలర్లకే అమ్ముకొనెను. చేతితొడుగు బొటనవ్రేలివంటి కొలది ఉచ్చులకు పిన్నీసు చాలును. కాని చుట్ట తిరిగిన కొసలో ఉన్ని చిక్కుకొనును, తడి తగిలినచో ఇనుము తుప్పుమఱక వేయును. జడవలె పెనవేసిన అల్లికకు రెండు మూడు ఉచ్చులను క్షణకాలము ముందుకో వెనుకకో నిలుపు పొట్టిసూది వేఱొకటి కలదు. వెదురుపుల్ల నున్నగా చెక్కినను ఆ పని జరుగును. ఉన్ని లోహముపై జారినంత సులభముగా వెదురుపై జారదు. లోహముకంటె అదియే నాకు మేలుగా దోచును.

ఉచ్చులు అనేకములైనపుడు నూలుదారమునకు సాటి లేదు. అది వేఱురంగుది కావలయును, రంగు దిగనిది కావలయును. ఉన్నిదారమైనచో దాని నూగు వస్త్రమున చిక్కుకొనును. ఉచ్చుల వెడల్పుకంటె ఇరువైపుల జేనెడు అధికముగా తీసికొని, మొనతేలని లావుసూదికి ఎక్కింపుడు. వాడిసూది ఉన్నిపోగులను చీల్చును. ఉచ్చులను ఒక్కొక్కటిగా, మెలిపడకుండ, దారముపైకి మార్చి రెండు కొసలను ముడివేయవలయును. దారము వంగును గనుక పనిని మడచి సంచిలో పెట్టినను, పసిబిడ్డ లాగినను భయము లేదు.

మరల అల్లుటకు దారమును ముందుగా లాగివేయరాదు. సన్నని సూదిని దారము వెంబడినే ఉచ్చులన్నిటిలో గ్రుచ్చి, ఒకమారు లెక్కింపవలయును. 32 ఉండవలసినచోట 31 వచ్చినచో, తప్పిన యుచ్చు ఆ దారముపైననే దొరకును. లెక్క సరిపోయిన పిదప ముడి విప్పి దారమును మెల్లగా లాగివేయుడు.