పక్షవాతరోగికి నోటి సంరక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఏదేని ప్రబంధమును గూర్చియో, పురాణఘట్టమును గూర్చియో మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారి యాదరమునకు కృతజ్ఞుడను. కాని యీ యేడాది లోపల మన చిన్న గ్రామమునుండి నలుగురు పక్షవాతముతో ఆసుపత్రి చేరిరి. అందొకరు మా యింటివారే. అందుచేత ప్రబంధమును మరియొక సభకు వాయిదా వేసి, మనలో నెవ్వరును పట్టించుకొనని యొక సంగతి నెత్తుకొందును. అది పక్షవాతముతో ఆసుపత్రి మంచముపై పడియున్న మనుష్యుని నోరు. నేను వైద్యుడను గాను. లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. చదివినదియు, కన్నులార చూచినదియు, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు మాత్రమే చెప్పెదను.

పక్షవాతమన నేమో మొదట రెండు మాటలు. మెదడునకు రక్తము గొనిపోవు నాళము గడ్డచే మూసికొన్నను, లేక చిట్లినను, ఆ నాళము పోషించు భాగము చచ్చుబడును. మూతి వంకరపోవుట, చేయి వ్రాలిపోవుట, మాట తడబడుట – వీనిలో నేదియైనను హఠాత్తుగా కనబడినచో ‘గాలి సోకినది, తాయెత్తు కట్టించి రేపు చూతము’ అనరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. గడ్డను కరిగించు సూదిమందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటల లోపలనే ఈయవలసియుండును. ఈ మాట మీరు చాలమంది వినియే యుందురు. నేటి నా విషయము దాని తరువాతిది. ప్రాణము దక్కి, రోగి వార్డులో పడియుండు దినములకు సంబంధించినది.

మన ప్రాచీనులకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమునందు ఇరువదియెనిమిదవ అధ్యాయము వాతవ్యాధులకు కేటాయింపబడినది. పక్షవధమును, ముఖము వంకరపోవు అర్దితమును అందే చెప్పబడినవి. అదే గ్రంథమున సూత్రస్థానము ఐదవ అధ్యాయమున పండ్లు తోముకొనుట, నాలుక గీచుకొనుట, నోట తైలము పట్టుట దినచర్యగా విధింపబడినవి. ఆ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు నాకొక సందేహము కలిగినది. తన చేతితో తాను పండ్లు తోముకొనలేనివానికి ఆ దినచర్య యెవరు చేయవలెను?

ఆరోగ్యవంతుని నోరు చాలవరకు తన్నుతానే శుభ్రపరచుకొనును. దినమునకు అరలీటరు మొదలు లీటరున్నరవరకు ఊరు లాలాజలము కడుగుచుండును, నాలుక ఊడ్చుచుండును, బుగ్గ అన్నమును పండ్లమీదికి త్రోయుచుండును. పక్షవాతము వచ్చినవానికి ఒకవైపు బుగ్గ సంచివలె వ్రేలాడును. నాలుక అటు పోలేదు. ఆ వైపున స్పర్శ కూడ తగ్గుటచే, ఉదయము పెట్టిన యిడ్డెనముక్క సాయంత్రమువరకు బుగ్గకును పండ్లకును నడుమ నిలిచియున్నను వానికి తెలియదు. కుడిచేయి పడినవాడు బ్రష్షు పట్టలేడు. పలువురకు ఆ చేతితోబాటు మాటయు పోవును గనుక, నొప్పియున్నదని చెప్పలేడు. నోరు తెరచి ఊపిరి పీల్చుటచేతను, ఆక్సిజను గాలిచేతను, కొన్ని మందులచేతను నోరు ఎండిపోవును.

ఇక్కడ మనవారు పొరబడు చోటొకటి కలదు. ముక్కునుండి గొట్టము వేసి పాలు, గంజి పోయుచున్న రోగికి ‘నోట ఏమియు పెట్టుటలేదు గదా, నోరేల మాయును?’ అని అనుకొందురు. జరుగునది దీనికి విపరీతము. నమలుట లేనందున లాలాజలము తగ్గును. నాలుక కదలనందున దానిపై తెల్లని పొర దట్టముగా పట్టును. అంగిట ఎండిన చీమిడివంటి పెళ్లలు కట్టును. గొట్టమున్న రోగి నోటికే ఎక్కువ సేవ కావలెను.

నోరు మాసినచో కంపు కొట్టును, అంతేకదా యనరాదు. పక్షవాతరోగులలో ఇంచుమించు సగముమందికి మొదటి దినములలో మ్రింగుట చెడునని వైద్యులు చెప్పుదురు. మ్రింగినది అన్ననాళమున పోక ఊపిరిగొట్టములోనికి దిగును. మనకు పొలమారినచో దగ్గు వచ్చి బయటపడవేయును. ఈ రోగులలో కొందరకు ఆ దగ్గు కూడ రాదు. అన్నము పెట్టకున్నను ఉమ్మి దిగుచునే యుండును. ఆ ఉమ్మితో నోటిలోని సూక్ష్మక్రిములు ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా పుట్టించును. పక్షవాతమునుండి తప్పించుకొన్నవాడు న్యుమోనియాతో పోవుట ఆసుపత్రులలో అరుదైన విషయము కాదు.

జపానుదేశమునందు వృద్ధుల సంరక్షణాలయములు పదకొండింటిలో దీనిని పరీక్షించిరి. ఫలితములు 2002లో ప్రచురితములైనవి. కొందరకు ప్రతి భోజనానంతరము సేవకులు పండ్లు తోమి, వారమువారము దంతవైద్యులు చూచుచుండిరి. తక్కినవారిని మామూలుగా వదలిరి. రెండేండ్లలో, శుభ్రము చేయనివారు 182 మందిలో 34 మందికి న్యుమోనియా వచ్చెను. శుభ్రము చేసినవారు 184 మందిలో 21 మందికి మాత్రమే వచ్చెను. వారందరు పక్షవాతరోగులు కారు, ఆసుపత్రివారును కారు. కావున ఆ లెక్కను ఉన్నదున్నట్లు మన వార్డుకు బదలాయించుట న్యాయము కాదు. ఐనను బ్రష్షు చేసిన పని యది. లెక్కలవాడను గనుక ఆ పదమూడుమంది తేడా నా కన్నులయెదుట నిలిచియుండును.

ఇక బ్రదుకు సంగతి. ఊపిరి యున్నదా, రక్తపుపోటు దిగినదా యని అడుగుదుముగాని, రోగి దినము ఎట్లు గడుచుచున్నదని అడుగుట తక్కువ. దంతవైద్యశాస్త్రజ్ఞులు దీనినికూడ ప్రశ్నలుగా కూర్చిరి. 1997లో ప్రకటింపబడిన యొక పట్టికలో పదునాలుగు ప్రశ్నలు గలవు. నోటి బాధవలన మాట పలుకుట కష్టమైనదా, రుచి చెడినదా, నలుగురిలో సిగ్గనిపించినదా, తినుచుండగా మధ్యలో ఆపవలసివచ్చినదా – ఇట్టివి. హాంగ్‌కాంగులో పక్షవాతరోగులను ఇట్టి ప్రశ్నలతో పరిశీలించినవారును కలరు. చదువుటకు చిన్న ప్రశ్నలే. ఆసుపత్రి మంచముపై ఉన్నవానికి వానియందే దినమంతయు గడుచును.

మా పెద్దన్నగారు పందొమ్మిది దినములు ఆసుపత్రిలో నుండిరి. ఆసుపత్రి పేరుతో మనకు పనిలేదు. ఎక్కడనైనను అదియే తీరు. కుడివైపు పడినది, మాట పోయినది. మ్రింగుట పరీక్షించి, మెత్తగా కలిపినది చెంచాతో పెట్టవచ్చుననిరి. ఒక వారము తిని, పిదప మూతి బిగించిరి. వదినగారు బ్రతిమాలినను తెరవరు. మనుమరాలు వచ్చినప్పుడు మొగము గోడవైపునకు త్రిప్పుకొనుచుండిరి. ‘ఇక ఆయనకు బ్రదుకుమీద ఆశ వదలినది’ అని బంధువులు నిర్ణయించిరి. కొందరు గోదానము మాట కూడ ఎత్తిరి. పదియవనాటి రాత్రి క్రొత్తగా డ్యూటీకి వచ్చిన సిస్టరొకతె టార్చిలైటు వేసి, చెంచా కాడతో బుగ్గ తొలగించి చూచెను. క్రింది కట్టుడుపండ్ల సెట్టు తీసినవారు లేరు. దానిక్రింద చిగురు ఒరిసి పుండైనది. కుడిబుగ్గలో పులిసిన అన్నపుముద్ద. ఆమె మావైపు తిరిగి, ‘తాతగారు తిననంటం లేదండీ, తినలేకపోతున్నారు’ అన్నది. అర్ధగంట కూర్చుండి శుభ్రము చేసినది. మూడవదినమున ఆయన వదినగారి చేతి చెంచా అందుకొనుటకై మొగము ముందునకు చాచిరి. మనుమరాలు దగ్గరకు రాగా ఎడమచేతితో తల నిమిరిరి. గోడవైపు తిరిగినది మాపై విరక్తిచే గాదు, తన నోటి దుర్గంధము పిల్లకు సోకునను లజ్జచేత. ఇది నా ఊహ, ఆయన చెప్పలేరు. కాని నాకు సందేహము లేదు.

సిస్టర్లను నిందించుటకు ఇది చెప్పలేదు. ఒక్కొక్కరు చాలమంది రోగులను చూడవలసియుండ, సూదులు, సెలైను, మాత్రలు ముగియునప్పటికే తెల్లవారును. మన ఆసుపత్రులలో మంచము ప్రక్కన ఉండునది ఇంటి మనిషి. కనుక నేర్వవలసినది మనము.

నేను నేర్చినది చెప్పెదను. రోగిని వీలైనంత నిటారుగా కూర్చుండబెట్టవలెను. కూర్చుండలేనివానిని ప్రక్కకు త్రిప్పవలెను. వెల్లకిల పరుండబెట్టి నోట నీరు పోయుట ప్రమాదము. పసిపిల్లల మెత్తని బ్రష్షు కొనుడు. పేస్టు కందిగింజంత చాలును, నురుగు హెచ్చినచో అదియు గొంతులోనికి జారును. బ్రష్షును తడిపి విదిలించి పండ్లను, చిగుళ్లను, నాలుకను తోమి, తడిపి పిండిన గాజుగుడ్డతో తుడువవలెను. పడిపోయిన బుగ్గలోపల వెదకుట మరువరాదు. పండ్ల నడుమ మీ వ్రేలు పెట్టకుడు, తెలియకయే కరచుదురు. ఉదయము, రాత్రి తప్పనిసరిగాను, తిన్న ప్రతిసారి బుగ్గ చూచుటయు చేయవలెను. తిన్న తరువాత అరగంట వరకు పరుండనీయరాదు. ఎడమచేయి బాగున్నవానికి బ్రష్షు ఆ చేతికే ఇచ్చి, మిగిలినది మీరు పూర్తిచేయుడు. తనపని తాను చేసికొనుటలో వానికి కలుగు తృప్తి మందుచీటీలో దొరకదు.

కట్టుడుపండ్లు రాత్రి తీసి, తోమి, మూతగల డబ్బాలో చన్నీట నుంచి, డబ్బాపై పేరు వ్రాయవలెను. వేడినీట వేసినచో వంగిపోవును. పేరు వ్రాయని సెట్టు దుప్పట్లతోబాటు చాకలి మూటలోనికి పోవుట నేను చూచితిని.

చూడవచ్చిన బంధువులకు ఒక విన్నపము. ‘ఆశగా చూచుచున్నాడు’ అని రెండు గుక్కలు కొబ్బరినీళ్లు, ఒక చెంచా తీర్థము పోయవలదు. మ్రింగుట చెడినవానికి పలుచని నీరే మిక్కిలి ప్రమాదకరము. చిక్కని జావ కొంత మెల్లగా దిగును గనుక దానిని మ్రింగుట తేలిక. ఏది పెట్టవచ్చునో డాక్టరు చెప్పువరకు ఏదియు పోయరాదు.

ఈ సందర్భముననే ప్రాచీన గ్రంథములను గూర్చియు ఒక మాట చెప్పుట నా విధి. నోటినిండ కదలింపలేనంతగా ద్రవమును పట్టుట గండూషము. కదలించుటకు వీలుండునట్లు పట్టుట కవళము. అష్టాంగహృదయమున ఈ భేదము చక్కగా చెప్పబడినది. ఆ గ్రంథములయందు నాకు గల గౌరవము మీకందరకు తెలిసినదే. ఐనను ఉమ్మినే అదుపులో ఉంచుకొనలేని రోగి నోట తైలము పట్టించుట ఊపిరితిత్తులలో నూనె పోయుటయే యగును. ఆరోగ్యవంతునకు చెప్పిన దినచర్యను మంచమందున్నవానికి అట్లే వర్తింపజేయరాదు. వేపపుల్లయు అంతే, తెలివి మందగించినవాని నోట పీచు తెగి గొంతున పడును. చుట్ట, ఖైనీల మాట వేరుగా చెప్పనక్కరలేదు. అవి చిగుళ్లను, మెదడు నాళములను రెంటిని చెరచును.

చివరకు ఇంటికి వచ్చునప్పుడు. డిశ్చార్జి చీటీలో మాత్రల పేర్లుండును, నోటి సంగతి సాధారణముగా ఉండదు, మీరే అడుగుడు. మ్రింగుట, మాట బాగుపడుటకు స్పీచి థెరపీ వారు ఎక్కడ దొరకుదురో అప్పుడే వ్రాసికొనుడు. చాలమందికి రక్తము గడ్డకట్టకుండ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు వ్రాయుదురు. తరువాత పుచ్చుపన్ను తీయించవలసివచ్చినప్పుడు రక్తము కారునను భయముతో ఆ మాత్రలను మీయంతట మీరు ఆపినచో మరల పక్షవాతము రావచ్చును. ఆ చీటీని పంటివైద్యుని కుర్చీలో కూర్చుండకమునుపే ఆయన చేతికిచ్చి, మాత్రలు వ్రాసిన డాక్టరుతో మాటాడుమని అడుగవలెను.