ఫార్వర్డు చేయడమూ సాక్ష్యమే
(ఉపన్యాస పాఠం)



క్రైస్తవుడు ఇంటర్నెట్టును వివేకంతో వాడుకోవడం ఎలాగన్న విషయంపై మాట్లాడమని నన్ను కోరారు. మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు. నేను నా విశ్వాసాన్ని బట్టి మాట్లాడినా విషయం మాత్రం అందరిదీ.

ముందు దీని మేలు చెప్పుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి ఎందరో బిడ్డలు బతుకుదెరువుకు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఒకనాడు ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసిన తల్లి ఈనాడు కొడుకు ముఖం చూస్తూ మాట్లాడుతున్నది. 2020లో లాక్‌డౌన్ మధ్య ఏప్రిల్ 12న ఈస్టరు వచ్చినప్పుడు ఎన్నో కుటుంబాలు ఫోను ముందు కూర్చొనే ఆరాధనలో పాల్గొన్నాయి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన తరువాత ఎందరో పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కనుక ఈ సాధనాన్ని నిందించ పనిలేదు. దాన్ని పట్టుకున్న చేయి ఎట్లాంటిదన్నదే ప్రశ్న.

మనమంతా ఫైళ్ల మధ్య బతికినవాళ్లం. కింది నుండి వచ్చిన ఫైలును చదవకుండా సంతకం పెట్టి పైకి పంపితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాట్సాప్‌లో ఒక వార్తను పదిమందికి పంపడం కూడా సంతకం పెట్టడమే. "నేను రాయలేదు, వచ్చింది పంపాను" అన్న జవాబు ఆఫీసులోనే చెల్లలేదు. పొరుగువానిపై అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన దేవుని ముందు చెల్లుతుందా?

దీని ఫలితం మన రాష్ట్రం కళ్లారా చూసింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు ఫోన్లలో పాకాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. అప్పుడు గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను పల్లెలకు పంపి, జానపద పాటల ద్వారా కూడా ప్రజలకు నిజం చెప్పించారు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా హద్దు పెట్టింది. పుకారు పంపినవారిలో ఎందరో మంచివారే అయి ఉంటారు. కాని వారు విచారించలేదు.

బెరయ పట్టణపు విశ్వాసుల సంగతి అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఉన్నది. పౌలు అంతటివాడు బోధించినా, వారు ప్రతిదినం లేఖనాలు తెరిచి సరిచూసుకున్నారు. అందుకు వారికి మెప్పే దక్కింది. కనుక విచారించడం అవిశ్వాసం కాదు. ఈ ప్రార్థన పదిమందికి పంపకపోతే కీడు కలుగుతుందని భయపెట్టే సందేశం భక్తి కాదు. సేవ పేరిట ఖాతా నంబరు వస్తే, డబ్బు వేసేముందు మన పాస్టరుగారిని స్వయంగా అడగాలి.

ఇక మన పెన్షను సొమ్ముపై కన్నేసినవారున్నారు. పోలీసు దుస్తులు వేసుకొని వీడియోలో కనబడి, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరికీ చెప్పవద్దు" అంటారు. చట్టంలో అట్లాంటి అరెస్టే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పారు. నిజాయితీగా బతికినవారికే పోలీసు పేరంటే జంకు ఎక్కువ. ఆ జంకే మోసగాని పెట్టుబడి. "ఎవరికీ చెప్పవద్దు" అన్నమాట వినగానే ఫోను పెట్టేసి ఇంట్లో చెప్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక్కడున్న కొడుకులకు, కోడళ్లకు, బిడ్డలకు ఒక మనవి. మోసపోయిన పెద్దవారిని దయచేసి తిట్టవద్దు. తిడతారన్న భయంతోనే వారు దాచిపెడతారు. దాచిన ప్రతి గంటా దొంగకే లాభం. తల్లిదండ్రులను సన్మానించడమంటే ఇది కూడా.

సిరిసిల్లలో పోగు తెగితే నేతకార్మికుడు సాంచాను ఆపి, ముడివేసి మళ్లీ నడుపుతాడు. ఆపకపోతే బట్టంతా చెడుతుంది. మనమూ అనుమానం కలిగినచోట వేలిని ఆపుదాం, అడుగుదాం, నిజమైతేనే పంపుదాం.